ఏడు నెలలు మానారు, ఇప్పుడు ఎనిమిదో నెల సంగతి చూద్దాం

ప్రశ్న:

నమస్తే డాక్టరమ్మా. నాకు 41 ఏండ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. ఇరవై ఏండ్ల కింద మిర్యాలగూడ వచ్చి రైస్ మిల్లులో హమాలీగా చేరాను. ఇప్పుడు మేస్త్రీని, నా చేతి కింద పదిహేను మంది ఉంటారు. బస్తాలు మోసే రోజుల్లో ఆకలి తెలియదని అంబర్ అనే నమిలే పొగాకు మొదలుపెట్టాను. మధ్యలో గుట్కా కూడా తిన్నాను. ఇప్పుడు రోజుకు ఏడెనిమిది అంబర్ ప్యాకెట్లు. రెండు మూడు సార్లు మానేశాను. పోయినసారి ఏడు నెలలు ముట్టలేదు. మా బామ్మర్ది పెళ్ళిలో అందరితో కూర్చున్నప్పుడు ఒక్కసారి వేసుకున్నాను, వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికే వచ్చింది. ఆ ఏడు నెలలు కూడా జేబులో ప్యాకెట్ ఉండేది, మనుషులు అడిగితే ఇవ్వాలి కదా. మా నాయనమ్మ తంబాకు నమిలి ఎనభై ఏండ్లు బతికింది కాబట్టి ఇన్నాళ్ళూ భయపడలేదు. పళ్ళ గార గురించి ఎవరైనా అడిగితే మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు అని చెప్తూ వచ్చాను. ఇప్పుడు తొక్కు తింటే నోరు మండుతోంది. ఇంటర్ చదివే మా అబ్బాయి ప్యాంటు ఉతకబోతే జేబులో పాన్ మసాలా ప్యాకెట్ దొరికిందని మా ఇంటామె చెప్పింది. నేను ఏ మొఖం పెట్టుకొని వాణ్ణి అడగాలి? మళ్ళీ నోట్లో పెట్టకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఎడమ బుగ్గ లోపల తెల్ల మచ్చ కూడా ఒకటి ఉంది.

— మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు

జవాబు:

మేస్త్రీ గారూ, మీరు అన్నిటికన్నా చివర, ఒక్క ముక్కలో రాసిన విషయంతో నేను మొదలుపెడతాను. ఆ తెల్ల మచ్చను ఈ వారంలోనే ఒక పళ్ళ డాక్టర్‌కు చూపించండి. మానేశాక పోదాంలే అనుకోకండి. తంబాకు వాసన వస్తున్న నోటితో డాక్టర్ ముందు కూర్చోవాలంటే సిగ్గని చాలామంది ఆ మాటే అనుకుంటారు, నెలలు గడిచిపోతాయి. మాకు ఆ వాసన కొత్త కాదు, ఎవరినీ దాని కోసం తిట్టం.

తెల్ల మచ్చ అనగానే క్యాన్సర్ కాదు. రోజూ ఒకే చోట పొగాకు పెట్టుకుంటే అక్కడి చర్మం దళసరెక్కి తెల్లబడుతుంది. ల్యూకోప్లాకియా అనే మాట డాక్టర్ నోట వింటే కంగారు పడకండి, ఇలాంటి మచ్చకే ఆ పేరు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్‌గా మారవు, కొన్ని మారతాయి. ఏది మారుతుందో అద్దంలో చూసుకుంటే తెలియదు, ఒక్కోసారి మాకూ చూడగానే తెలియదు. అందుకే అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తారు. మత్తు సూది వేసి చేసే చిన్న పని, ఆ రోజే ఇంటికి వెళ్ళిపోతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. పొగాకు ఆపేస్తే ఇలాంటి మచ్చలు చాలావరకు కొన్ని వారాల్లో పలచబడతాయి. పలచబడకపోయినా, మచ్చలో ఎరుపు కనిపించినా, పుండు పడి రెండు వారాలకు మానకపోయినా పరీక్ష తప్పదు.

నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వెళ్ళవచ్చు. హైదరాబాద్ వెళ్ళగలిగితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మీ సికింద్రాబాద్ రైలు దారిలోనే బీబీనగర్ ఎయిమ్స్ కూడా ఉంది. ఒకవేళ క్యాన్సర్ అని తేలినా రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఖర్చుకు భయపడి మచ్చను దాచుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

తొక్కు తింటే మంట అన్నారు. మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా నిలువుగా పెట్టి నోట్లోకి పోతాయేమో చూడండి. పోకపోతే బుగ్గల లోపల చర్మం బిగుసుకోవడం మొదలైందని అనుమానించాలి. దానికి అసలు కారణం గుట్కాలో, పాన్ మసాలాలో ఉండే వక్క. పొగాకు కలవకపోయినా సరే, వక్క ఒక్కటే క్యాన్సర్ తెప్పించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చి చెప్పింది. బిగుసుకున్న చర్మం మళ్ళీ మునుపటిలా మెత్తబడడం కష్టం, కానీ ఆపితే ముదరడం ఆగుతుంది, నోటి వ్యాయామంతో, మందులతో కొంత తెరుచుకుంటుంది. మీ అబ్బాయి సంగతికి వచ్చినప్పుడు ఈ వక్క మాట మళ్ళీ అవసరమవుతుంది.

ఫ్లోరైడ్ సాకు విని నవ్వొచ్చింది. దేవరకొండ, మర్రిగూడ దిక్కు మనిషి ఆ మాట చెప్తే ఎవరు నమ్మరు? కానీ పళ్ళ డాక్టర్ దగ్గర అది చెల్లదు. ఫ్లోరైడ్ మచ్చ పన్ను పెరిగేటప్పుడే దాని లోపల ఏర్పడుతుంది, గీకినా పోదు. తంబాకు గార పైన పట్టిన పొర, క్లీనింగ్ చేయిస్తే పోతుంది. మీకు రెండూ ఉండవచ్చు. మచ్చ చూపించడానికి వెళ్ళినప్పుడు క్లీనింగ్‌కు కూడా తారీఖు అడగండి, ఆ రోజు నుంచే మానండి. శుభ్రమైన పళ్ళ మీద నాలుక ఆడిస్తే కలిగే తేడా వల్ల మళ్ళీ ప్యాకెట్ చింపడానికి మనసు కొంచెం వెనకాడుతుంది. ఇది పుస్తకంలో చదివింది కాదు, మా దగ్గరికి వచ్చేవాళ్ళు చెప్పే మాట.

మీ నాయనమ్మ సంగతి. ఆమె బహుశా అన్నం తిన్నాక ఇంత తంబాకు ఆకు తుంచి వేసుకుని, నమిలి ఊసేసి ఉంటుంది. మీరు సున్నం కలిసిన పొగాకును రోజంతా బుగ్గలో ఒకే చోట ఉంచుతున్నారు. సున్నం వల్ల నికోటిన్ తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది, అదే సున్నం బుగ్గను పొక్కిస్తుంది కూడా. ఆమెకు ప్రమాదం లేదని కాదు, తప్పించుకుంది. ఆమె ఈడువాళ్ళలో దవడ పుండుతో పోయినవాళ్ళు ఉండే ఉంటారు, వాళ్ళ గురించి ఎవరూ చెప్పుకోరు.

ఇప్పుడు మానడం. మొదటి మూడు నాలుగు రోజుల గురించి మీకు నేను పాఠం చెప్పనక్కర్లేదు, దాన్ని మీరు ఒకటికి రెండుసార్లు దాటారు. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మూడో రోజు వరకు పెరుగుతాయి, రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. కోరిక పుట్టినప్పుడు అది ఐదు పది నిమిషాలకు మించి గట్టిగా ఉండదు. ఇవి అందరూ చెప్తారు. ఎవరూ చెప్పని రెండు విషయాలు మాత్రం రాస్తాను.

ఒకటి, పొద్దున అంబర్ వేసుకుంటే తప్ప కడుపు కదలదని మన దగ్గర చాలామందికి అలవాటు. మానగానే మలబద్ధకం వస్తుంది, రెండో రోజుకే ‘ఇది నాకు పడలేదు’ అనుకుని మళ్ళీ వేసుకుంటారు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది కాబట్టి అలా జరగడం సహజమే. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు తాగండి. జొన్నరొట్టె, ఆకుకూర, జామపండు పెంచండి. నాలుగు రోజులైనా కదలకపోతే డాక్టర్‌ను అడిగి ఇసబ్‌గోల్ వాడండి. రెండు మూడు వారాల్లో పేగులు వాటంతట అవే దారికొస్తాయి. రెండు, పొగాకు చిగుళ్ళను మొద్దుబారుస్తుంది. మానిన వారానికి ఇన్నాళ్ళూ తెలియని పంటి నొప్పి ఏదైనా బయటపడవచ్చు. నొప్పికి మందుగా మళ్ళీ తంబాకే పెట్టుకుంటారు కొందరు. ఆ పన్ను చూపించుకోండి, అంతే.

నిద్ర లేచిన అరగంట లోపే మొదటి ప్యాకెట్ చింపే అలవాటుంటే మీ ఒంటికి నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టు. రోజుకు ఏడెనిమిది అంటే ఉండే ఉంటుంది. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది, 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి. చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమిలి, వెక్కిళ్ళు వచ్చి, పనికిరాదని పారేస్తారు. నాలుగైదు సార్లు మెల్లగా నమలాలి, ఘాటు తగలగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా ఒకటి అరగంట రావాలి. మచ్చ ఉన్న ఎడమ పక్క పెట్టకండి. టీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగ్గా పనిచేయదు, పావుగంట ఆగండి. నోరు మంట పుట్టినా, దవడ బిగుతుగా ఉన్నా గమ్ వద్దు, చర్మానికి అంటించే ప్యాచ్ గురించి డాక్టర్‌ను అడగండి. గుండె జబ్బు, బీపీ ఉంటే ఏదైనా సరే అడిగాకే. మాత్రలు కూడా ఉన్నాయి, అవి చీటీ మీదే. నిజం చెప్పాలంటే గమ్ ఒక్కటే ఎవరినీ మాన్పించదు. మొదటి రెండు మూడు నెలల టెన్షన్ తగ్గిస్తుంది, ఆ తర్వాత దాన్నీ తగ్గించుకుంటూ ఆపేయాలి.

అసలు విషయం ఇప్పుడు. మీరు మానలేకపోయిన మనిషి కాదు. ఏడు నెలలు ఉన్నారంటే మానడం మీకు వచ్చు. ఆ ఏడు నెలలూ కష్టం గురించే సిద్ధపడ్డారు, సంతోషంగా ఉండే రోజు గురించి సిద్ధపడలేదు. మళ్ళీ పట్టుకునేవాళ్ళను గమనిస్తే, చిరాకుగా ఉన్న రోజు కన్నా అన్నీ సర్దుకున్నాక, దావత్‌లో, మనవాళ్ళ మధ్య, నవ్వుతూ ఉన్నప్పుడే ఎక్కువమంది చెయ్యి చాస్తారని నాకనిపిస్తుంది. కోరిక పోయిందనుకుంటారు. అది పోదు, చాలాకాలం కిక్కురుమనకుండా ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. ఆ ఏడు నెలలూ జేబులో ప్యాకెట్ ఉండేదన్నారు. అంటే మీరు తినడం మానారు, పంచడం మానలేదు. నాకు తెలుసు, మేస్త్రీ జేబులో అంబర్ ఉండడం మర్యాద లెక్క. లోడ్ దిగుతుంటే ‘మేస్త్రీ, జర ఇయ్యరాదే’ అని చెయ్యి చాస్తారు, లేదంటే పిసినారి అంటారు. పదిహేను మందికి పంచే చేతికి రోజంతా ఆ వాసన ఉంటుంది, చింపే చప్పుడు వింటూనే ఉంటారు. ఈసారి మొదట ఆపాల్సింది పంచడం. అది మీ పళ్ళ క్లీనింగ్ కన్నా ముందు రోజే జరగాలి. మనుషులందరినీ పిలిచి చెప్పండి: ‘రేపటి నుంచి నా దగ్గర అంబర్ దొరకదు. పొద్దున ఒక చాయ్, మధ్యాహ్నం ఒక చాయ్ నాది.’ మీకు, వాళ్ళకు కలిపి నెలకు ప్యాకెట్ల మీద పెట్టేది లెక్క రాసి చూడండి, చాయ్ ఖర్చుకు చాలావరకు సరిపోతుంది. మొదటి వారం గొణుగుతారు. గొణగనివ్వండి. ఒకరిద్దరు తాము కూడా మానతామని మెల్లగా వచ్చి చెప్పినా ఆశ్చర్యం లేదు.

మిల్లులో ఆకలి సంగతి నిజమే. నికోటిన్ ఆకలిని చంపుతుంది, బస్తా మోసే మనిషికి అది సుఖంగా అనిపిస్తుంది. మానాక ఆకలి తిరిగొస్తుంది, దానికి తిండే పెట్టాలి. వేయించిన పల్లీలు, పుట్నాలు ఒక సంచిలో పెట్టుకోండి. పాలమూరు పల్లీ దొరికే ప్రాంతంలో ఉండి అంబర్‌తో కడుపు నింపుకోవడమేమిటి? మంట తగ్గేదాకా లవంగం, ఉప్పూకారం పట్టించినవి వద్దు. సోంపు, కొంచెం బెల్లం పరవాలేదు. చెయ్యి, నోరు ఖాళీగా ఉంటే తోచదనేవాళ్ళు తాటిబెల్లం ముక్క చప్పరించినా నాకు అభ్యంతరం లేదు, షుగర్ లేకపోతే. వక్కపొడి, స్వీట్ సుపారీ, ‘పొగాకు లేదు’ అని రాసి అమ్మే ప్యాకెట్లు మాత్రం ముట్టకండి. బీడీకి మారడం మానడం కిందికి రాదు.

మీకు కాలం కలిసొచ్చింది. యాసంగి వడ్లు మిల్లుకు చేరి రాత్రి లోడ్లు తగ్గాయి, ఆషాఢం వస్తోంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. మొదటి నెలకు ఇంతకన్నా మంచి నెల దొరకదు. కానీ ఇప్పుడే క్యాలెండర్ తీసి ముందుకు తిప్పండి. శ్రావణంలో పెళ్ళిళ్ళు మొదలవుతాయి. దసరాకు ఊరికి పోతారు, జమ్మి ఇచ్చుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాక కూర్చోబెట్టకుండా ఎవరు పంపిస్తారు? ఆ తర్వాత వానాకాలం వడ్లు, నవంబరు, డిసెంబరు నెలల్లో నిద్ర లేని రాత్రులు. వాటన్నిటినీ దాటితే మాఘమాసం, మళ్ళీ పెళ్ళిళ్ళు. మీ ఎనిమిదో నెల సరిగ్గా అక్కడ పడుతుంది. పోయినసారి ఎక్కడ జారారో ఈసారీ అదే మలుపు వస్తుంది. ఆ రోజులకు క్యాలెండర్లో గీత పెట్టి, మీ ఇంటామెకు కూడా చూపించి ఉంచండి.

పెళ్ళిలో ఏం చేయాలి? ‘మానేశాను’ అని చెప్పకండి. మన దగ్గర ఆ మాటకు విలువ లేదు. మానేశానన్న మనిషిని పరీక్షించడం మన బావలకు, బామ్మర్దులకు ఒక సరదా. ‘ఏంది బావా, పెద్దోడివైపోయినవా, ఒక్కదానికి ఏమైతది’ అంటారు. ప్రేమగానే అంటారు, అదే కష్టం. దానికి బదులు ‘పత్యంలో ఉన్న’ అనండి. ‘నోటికి మందు నడుస్తుంది, డాక్టరమ్మ ఏదీ ముట్టొద్దన్నది.’ ఇది అబద్ధం కూడా కాదు. పత్యం అన్న మనిషిని బలవంతపెట్టడం పాపమని మన పల్లెల్లో ఇంకా అనుకుంటారు. ఇంకా వినకపోతే మచ్చ చూపించండి, నోరు తెరిచి. ఒక్కసారి చూపిస్తే చాలు.

కల్లు, మందు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. తాగాక పత్యం మాట గుర్తుండదు. మొదటి మూడు నెలలు తాగేవాళ్ళ మధ్య అసలు కూర్చోకండి. వడ్డన మీరు చూసుకోండి, మనుషుల లెక్క మీరు చూసుకోండి, మేస్త్రీకి అది చేతనైన పనే. పని మీద ఉన్న మనిషిని ఎవరూ కూర్చోబెట్టరు.

అంత జాగ్రత్తపడ్డా ఒకసారి జారితే? మీ బామ్మర్ది పెళ్ళి రోజు గురించి నేను మీ అంత బాధపడను. ఆ రాత్రి ఒకటి వేసుకున్నారు. అక్కడితో పోయేది. మర్నాడో, ఆ మర్నాడో పాన్ డబ్బా ముందు ఆగి, మీ డబ్బులతో మీరే కొన్నారు, మళ్ళీ మొదలైంది అక్కడ. ఎలాగూ చెడింది కదా అనే మాట ఆ రోజు మీ మనసులో తిరిగి ఉంటుంది. ఆ మాటే ముంచుతుంది. ఈసారి జారితే వెంటనే ఊసేయండి, నోరు పుక్కిలించండి, మిగిలినది అక్కడే పారేయండి. ఆ రాత్రే మీ ఇంటామెకు చెప్పండి. మర్నాడు కొనకపోతే మీరు ఇంకా మానిన మనిషే. ఏడు నెలల లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

చెప్పుకోవడానికి మనిషి కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి. ఇది పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు, తెలుగులో కూడా మాట్లాడతారు. 2018 నుంచి పొగాకు ప్యాకెట్ల మీద ముద్రిస్తున్నది ఇదే. మీరు ఇన్నేళ్ళూ చింపి పారేసిన కవరు మీదే ఉంది, ఆ భయంకరమైన బొమ్మ కింద. వాళ్ళు మానే తారీఖు అడిగి, తర్వాత వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుంటారు. రెండో నెలలోనో, మాఘంలోనో మనసు ఊగినప్పుడు మీరూ చేయవచ్చు, కొత్తగా మానేవాళ్ళకు మాత్రమే అని ఏమీ లేదు.

గుట్కా గురించి ఒక్క మాట. ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో నిషేధించారు, తెలంగాణ వచ్చాక కూడా నిషేధ ఉత్తర్వులు వచ్చాయి. అయినా మీకు దొరికింది. కొన్నిచోట్ల పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఒక ప్యాకెట్ అని విడివిడిగా అమ్ముతారు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. ప్రభుత్వం ఆపేదాకా ఆగుదామంటే మీ బుగ్గ ఆగదు.

ఇక మీ అబ్బాయి. పొగాకు లేదు కదా అని వాడు వాదిస్తాడు, చూడండి. పాన్ మసాలాలో ఉండేది వక్క, నోరు బిగుసుకుపోయే జబ్బు దానితోనే వస్తుంది. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లలు రెండు వేళ్ళు పట్టని నోటితో మా దగ్గరికి వస్తున్నారు. ఆ వయసులో మొదలుపెడితే కొన్నేళ్ళకే వస్తుంది, మీలా ఇరవై ఏళ్ళు పట్టదు. రేపు పొగాకు ప్యాకెట్ దానికి తోడవడానికి కూడా పెద్ద సమయం పట్టదు. 18 ఏళ్ళలోపు వాళ్ళకు పొగాకు అమ్మడం, కాలేజీకి వంద గజాల లోపు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. ఆ పాన్ డబ్బా ఎక్కడుందో కనుక్కుని ప్రిన్సిపాల్‌కు చెప్పవచ్చు, కానీ అది తర్వాత.

ఏ మొఖం పెట్టుకొని అడగాలన్నారు. అడగకండి. ప్యాకెట్ దొరికిందని నిలదీస్తే ‘నువ్వు తింటలేవా’ అంటాడు, మీకు కోపం వస్తుంది, మాట పెరుగుతుంది, వాడు జేబు మార్చుకుంటాడు అంతే. మీరు ఆసుపత్రికి వెళ్ళే రోజు వాణ్ణి తోడు రమ్మనండి. చీటీ రాయించడానికి, కౌంటర్ దగ్గర నిలబడడానికి చదువుకున్న పిల్లాడు కావాలని చెప్పండి, వస్తాడు. దారిలో మీ మచ్చ సంగతి చెప్పండి. మీకు భయంగా ఉందని కూడా చెప్పండి. తండ్రి నోటి నుంచి ఆ మాట వాడు ఎప్పుడూ విని ఉండడు. డాక్టర్ మీ నోరు చూడడం అయ్యాక, ‘మావాడిది కూడా ఒకసారి చూడండమ్మా’ అని కుర్చీ వాడికి ఇవ్వండి. మూడు వేళ్ళ పరీక్ష డాక్టరే చేస్తారు, ఎంత తింటున్నావని అడుగుతారు. వాడు మీకు చెప్పనిది అక్కడ చెప్తాడు. ఆ మాట వాడు చెప్తున్నప్పుడు మీరు గది బయట ఉంటే మంచిది. నీళ్ళు తాగొస్తానని లేచి వెళ్ళండి.